యాంగోన్‌లో హోమియో డాక్టరు: పేరు వెనక అక్షరాలు చదవడం ఎలా?

తెలుగువాళ్ళ ఇళ్ళలో హోమియోపతి మీద రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. ఒకరు "మా చిన్నవాడి ఆయాసం ఆ పంచదార గుళికలతోనే పోయింది" అంటారు. ఇంకొకరు "అందులో పంచదార తప్ప ఇంకేముంది?" అంటారు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండడం కూడా మామూలే. ఈ వ్యాసం ఆ తగువు తీర్చడానికి రాసింది కాదు. యాంగోన్‌లో (మన పెద్దల మాటల్లో రంగూన్, ఉత్తరాంధ్ర పల్లెల్లో రంగం) ఉండే ఒక తెలుగు కుటుంబం హోమియో డాక్టరు దగ్గరికి వెళ్ళాలనుకుంటే మూడు విషయాలు తెలియాలి. ఆయన నిజంగా చదువుకున్నవారేనా? ఆయన పేరు వెనక ఉన్న అక్షరాలకి అర్థం ఏమిటి? ఏ జబ్బుకి ఆయన దగ్గరికి వెళ్ళకూడదు?

ముందే ఒక మాట. గోడకి వేలాడే పటం ఎంత పెద్దదైనా అది కాగితమే. దాని విలువంతా ఎక్కడో ఒక రిజిస్టర్లో ఉంటుంది. ఆ రిజిస్టరు ఏ దేశంలో, ఎవరి దగ్గర ఉందో తెలిస్తే సగం పని అయినట్టే.

మనకీ హోమియోకీ ఉన్న చుట్టరికం

హోమియోపతిని జర్మన్ వైద్యుడు శామ్యూల్ హానిమన్ 1796లో ప్రతిపాదించాడు. పుట్టింది జర్మనీలో అయినా బాగా పెరిగింది మాత్రం మన దేశంలో. తెలుగునాట దీనికి ప్రత్యేకమైన ఆదరణ ఉంది. సరోజినీ నాయుడు గారి కుమారుడు డాక్టర్ జయసూర్య హైదరాబాదులో పేరుపొందిన హోమియో వైద్యుడు. రామంతాపూర్‌లోని ప్రభుత్వ హోమియో వైద్య కళాశాల ఆయన పేరునీ, పొట్టి శ్రీరాములు గారి పేరునీ కలిపి పెట్టుకుంది. వెండితెర మీద మనల్ని నవ్వించిన అల్లు రామలింగయ్య గారు హోమియో వైద్యం కూడా చేసేవారు. రాజమండ్రిలోని ప్రభుత్వ హోమియో కళాశాలకి ఆయన పేరే పెట్టారు. గుడివాడలో డాక్టర్ గురురాజు పేరిట, కడపలో కూడా ప్రభుత్వ హోమియో కళాశాలలు ఉన్నాయి. విశాఖపట్నంలో మాస్టర్ ఇ.కె.గా పేరుపొందిన ఎక్కిరాల కృష్ణమాచార్య గారి బాటలో ఉచిత హోమియో వైద్యశాలలు నడుస్తూ వచ్చాయి.

ఈ నేపథ్యం ఎందుకు చెప్తున్నానంటే, బర్మా తెలుగువాళ్ళ మూలాలు చాలావరకు ఆ తీరంలోనే ఉన్నాయి. గోదావరి డెల్టాలోని కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్ళారు కాబట్టే బర్మాలో మనవాళ్ళకి కోరంగీలన్న పేరు వచ్చింది. రంగూన్ రేవులో మూటలు మోసినవాళ్ళలో వాళ్ళదే పెద్ద సంఖ్య. 1930 మే నెలలో ఆ రేవు దగ్గర జరిగిన అల్లర్లు, 1942లో జపాన్ దాడి సమయంలో కాలినడకన తిరుగుప్రయాణం, 1962 సైనిక పాలన తర్వాత 1960లలో జరిగిన వలసలు - ఇవన్నీ తట్టుకుని అక్కడే ఉండిపోయిన కుటుంబాలు ఈనాటికీ ఉన్నాయి. వాటికి తోడు ఉద్యోగాల మీద, వ్యాపారాల మీద కొత్తగా వెళ్ళినవాళ్ళు. ఊరు మారినా ఇంట్లో అలవాటైన వైద్యం మీద నమ్మకం మారదు. జలుబు చేస్తే "హోమియో డాక్టరు ఎవరైనా ఉన్నారా?" అని అడగడం సహజం.

కానీ గుడివాడలో అడిగినప్పుడు వచ్చే జవాబు వేరు, యాంగోన్‌లో అడిగినప్పుడు వచ్చే జవాబు వేరు. కారణం చట్టం.

మయన్మార్‌లో ఎవరిని ఎవరు గుర్తిస్తారు?

మయన్మార్‌లో ఎం.బి.బి.ఎస్. చదివిన డాక్టర్లని మయన్మార్ మెడికల్ కౌన్సిల్ నమోదు చేస్తుంది. దంతవైద్యులకీ, నర్సులకీ వేరే కౌన్సిళ్ళు ఉన్నాయి. అక్కడి దేశీయ వైద్యానికి 2000 సంవత్సరంలో వచ్చిన చట్టం కింద సంప్రదాయ వైద్య కౌన్సిల్ ఉంది. ఆ వైద్యం చదవడానికి మాండలేలో ఒక విశ్వవిద్యాలయమే ఉంది. 1976లో సంస్థగా మొదలై 2001లో విశ్వవిద్యాలయం అయింది. బర్మా సంప్రదాయ వైద్యంలో నాలుగు పద్ధతులు చెబుతారు. వాటిలో భేషజ్జ అనే పద్ధతికి మన ఆయుర్వేదంతో దగ్గరి పోలికలు ఉన్నాయి.

ఈ కౌన్సిళ్ళలో ఏదీ హోమియోపతి కోసం ఏర్పడింది కాదు. కాబట్టి యాంగోన్‌లో ఒక బోర్డు మీద "సర్టిఫైడ్ హోమియోపత్" అని కనిపిస్తే, ఆ సర్టిఫికెట్ ఇచ్చిన హోమియో మండలి ఆ దేశంలో వెతికితే దొరకదు. అది భారత్ నుంచో, బంగ్లాదేశ్ నుంచో, ఇంకెక్కడినుంచో వచ్చి ఉండాలి. వెతకాల్సింది అక్కడ.

ఇక్కడ భాషతో కూడా కొంచెం చిక్కు ఉంది. బర్మీస్‌లో "సయా" అంటే గురువు. బడిపంతుల్నీ సయా అంటారు, మందులిచ్చే ఆయన్నీ సయా అంటారు. ఆధునిక వైద్యం చదివిన డాక్టరుని "సయావున్" అంటారు. మందులిచ్చే పెద్దమనిషిని "సే సయా" అంటారు. పక్కింటివారు "మంచి సయా ఉన్నాడు" అన్నారంటే అది మన ఊళ్ళో "మాస్టారు మంచి మందిస్తారు" అన్నంత గౌరవంగా అన్న మాట. అది అర్హత గురించిన మాట కాదు.

నాలుగు కాగితాలు, నాలుగు అర్థాలు

డాక్టరు గారి గదిలో కనిపించే కాగితాలు నాలుగు రకాలు. వీటిని కలిపేసుకోవడం వల్లే చాలామంది పొరబడతారు.

మొదటిది పట్టా. ఫలానా కోర్సు చదివి పాసయ్యారని విశ్వవిద్యాలయం ఇచ్చేది. ఇది చదువుకి సాక్ష్యం.

రెండోది రిజిస్ట్రేషన్. ఆ పట్టా ఉన్న మనిషి వైద్యం చేయవచ్చని ఒక చట్టబద్ధమైన మండలి తన రిజిస్టర్లో పేరు రాసుకోవడం. తప్పు చేస్తే పేరు కొట్టివేసే అధికారం కూడా ఆ మండలికే ఉంటుంది. రోగికి నిజమైన రక్షణ ఇదొక్కటే.

మూడోది క్లినిక్ లైసెన్సు. ఇది ఆ స్థలానికి సంబంధించింది. మయన్మార్‌లో ప్రైవేటు ఆసుపత్రులకి, క్లినిక్కులకి 2007లో వచ్చిన ప్రైవేటు ఆరోగ్య సేవల చట్టం ఉంది. దుకాణం పెట్టుకోవడానికి నగరపాలక సంస్థ ఇచ్చే అనుమతి వేరు, వైద్యం చేసే అనుమతి వేరు. మందులు అమ్మే కొట్టుకి ఉన్న లైసెన్సు చూపించి వైద్యం చేయకూడదు.

నాలుగోది సంఘ సభ్యత్వం. చందా కట్టి చేరే సంఘాలు చాలా ఉంటాయి. కొన్ని సంఘాలు పరీక్ష పెట్టి చేర్చుకుంటాయి, కొన్ని చందా ఒక్కటే చూస్తాయి. పటం కట్టించుకుంటే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అలవాటైన ఉదాహరణ ఒకటి చెప్తాను. మీరు బ్యాంకు వెబ్‌సైటు తెరిచినప్పుడు, ఆ సైటు చూపించే సర్టిఫికెట్‌ని బ్రౌజరు ఊరికే నమ్మదు. దాన్ని ఎవరు జారీ చేశారు, ఆ జారీ చేసినవాళ్ళు తన దగ్గరున్న నమ్మకస్తుల జాబితాలో ఉన్నారా, గడువు తీరిందా, మధ్యలో రద్దయిందా అని చూస్తుంది. సైటు తనకి తానే రాసుకున్న సర్టిఫికెట్ అయితే ఎర్ర హెచ్చరిక చూపిస్తుంది. డాక్టరు పట్టా విషయంలో ఆ బ్రౌజరు పని మనం చేయాలి. ప్రశ్నలు కూడా అవే: ఎవరిచ్చారు, ఇచ్చినవాళ్ళకి ఆ అధికారం ఎవరిచ్చారు, ఇప్పటికీ చెల్లుతుందా?

భారతదేశపు అక్షరాలు

యాంగోన్‌లో మనకి ఎక్కువగా ఎదురయ్యేవి భారతీయ పట్టాలే కాబట్టి వాటితో మొదలుపెడదాం.

బి.హెచ్.ఎం.ఎస్.: ఇది హోమియోపతిలో డిగ్రీ. మొత్తం ఐదున్నర ఏళ్ళు. అందులో నాలుగున్నర ఏళ్ళు చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. శరీర నిర్మాణ శాస్త్రం, శరీరధర్మ శాస్త్రం, రోగనిర్ధారణ, ప్రసూతి లాంటి సబ్జెక్టులు కూడా ఇందులో చదువుతారు. ఉత్తరాల ద్వారా, ఆన్‌లైన్ ద్వారా ఈ డిగ్రీ రాదు.

డి.హెచ్.ఎం.ఎస్.: ఇది డిప్లొమా. పాతతరం డాక్టర్లలో చాలామందికి ఇదే ఉంటుంది. గుర్తింపు పొందిన సంస్థ ఇచ్చినదై, ఆ కాలంలోనే రిజిస్టర్ అయి ఉంటే అది చెల్లే అర్హతే. పెద్దాయన పేరు వెనక డిప్లొమా చూసి తక్కువ అంచనా వేయనక్కరలేదు.

ఎం.డి. (హోమియో): డిగ్రీ తర్వాత మూడేళ్ళ స్పెషలైజేషన్. ఇక్కడ బ్రాకెట్ ముఖ్యం. బోర్డు మీద "ఎం.డి." అని పెద్దగా రాసి, పక్కన మాట చిన్నగా రాసినా, రాయకపోయినా, ఆ ఎం.డి. దేనిలో అని తప్పక అడగండి.

ఆర్.ఎం.పి.: కాగితం మీద అర్థం "రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్". మన పల్లెల్లో వాడుక మాత్రం పూర్తిగా తలకిందులు. ఏ పట్టా లేకుండా సూదిమందు వేసే ఆయన్నే ఆర్ఎంపీ డాక్టరు అంటాం. కాబట్టి ఈ మూడక్షరాలు కనిపిస్తే ఏ రిజిస్టరు, ఏ నెంబరు అని అడగాల్సిందే.

ఇక మండలి సంగతి. 1973లో వచ్చిన హోమియోపతి కేంద్ర మండలి చట్టం కింద ఇంగ్లీషులో సి.సి.హెచ్. అని పిలిచే కేంద్ర మండలి ఏర్పడింది. ఏ పట్టాలు చెల్లుతాయో ఆ చట్టం షెడ్యూళ్ళలో జాబితాగా ఉండేది. దాని స్థానంలో 2020లో కొత్త చట్టం వచ్చి, 2021 జులై 5 నుంచి జాతీయ హోమియోపతి కమిషన్ పనిచేస్తోంది. కమిషన్ దగ్గర జాతీయ రిజిస్టరు, రాష్ట్ర మండళ్ళ దగ్గర రాష్ట్ర రిజిస్టర్లు ఉంటాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ నమోదు భారతీయ వైద్యం, హోమియోపతి బోర్డుల పరిధిలోది. పశ్చిమ బెంగాల్, తమిళనాడుల్లో హోమియోకి ప్రత్యేక కౌన్సిళ్ళే ఉన్నాయి. యాంగోన్‌కి కోల్‌కతా దగ్గర కాబట్టి బెంగాల్ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళు తగలడం కూడా సహజమే.

ఒక చిన్న చిక్కు కూడా చెప్పాలి. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం 1986లో మొదలైంది. తర్వాత దానికి ఎన్.టి.ఆర్. పేరు పెట్టారు, 2022లో వై.ఎస్.ఆర్. పేరుకి మార్చారు, 2024లో మళ్ళీ ఎన్.టి.ఆర్. పేరుకి వచ్చారు. తెలంగాణ ఏర్పడ్డాక వరంగల్‌లో కాళోజీ నారాయణరావు పేరిట వేరే విశ్వవిద్యాలయం వచ్చింది. కాబట్టి ఒకే కాలేజీలో చదివిన ఇద్దరి పట్టాల మీద వేర్వేరు విశ్వవిద్యాలయాల పేర్లు ఉంటే కంగారు పడకండి. సంవత్సరం చూసి పోల్చుకోండి.

ఇంకో విషయం మరిచిపోవద్దు. భారత రిజిస్ట్రేషన్ భారతదేశంలో వైద్యం చేయడానికే హక్కు ఇస్తుంది. అది మయన్మార్‌లో అనుమతి పత్రం అయిపోదు. మనకి అది చెప్పేది ఒక్కటే: ఈయన నిజంగా చదివారు, ఒక మండలికి జవాబుదారీగా ఉన్నారు అని.

మిగతా దేశాల అక్షరాలు

బంగ్లాదేశ్, పాకిస్తాన్: రెండు చోట్లా డి.హెచ్.ఎం.ఎస్. డిప్లొమా ఎక్కువగా కనిపిస్తుంది. పాకిస్తాన్‌లో 1965 చట్టం కింద జాతీయ హోమియోపతి కౌన్సిల్ ఉంది. బంగ్లాదేశ్‌లో 1983 ఆర్డినెన్సు కింద బోర్డు ఏర్పడింది. బంగ్లాదేశ్‌లో బి.హెచ్.ఎం.ఎస్. డిగ్రీ కూడా ఉంది.

బ్రిటన్: అక్కడ హోమియోపతికి చట్టబద్ధమైన రిజిస్ట్రేషన్ లేదు. "ఆర్.ఎస్.హోమ్" అంటే సొసైటీ ఆఫ్ హోమియోపత్స్ అనే సంఘం తన స్వచ్ఛంద రిజిస్టర్లో నమోదు చేసుకుందని అర్థం. "ఎం.ఎఫ్.హోమ్" అంటే ఫ్యాకల్టీ ఆఫ్ హోమియోపతి సభ్యత్వం. ఈ రెండోది ముందే డాక్టరుగానో, మరో ఆరోగ్య వృత్తిలోనో చట్టబద్ధంగా నమోదైనవాళ్ళకి సంబంధించింది.

అమెరికా: "సి.సి.హెచ్." అంటే అక్కడ సర్టిఫైడ్ క్లాసికల్ హోమియోపత్. ఒక ప్రైవేటు సంస్థ పరీక్ష పెట్టి ఇచ్చే సర్టిఫికెట్. అది వైద్యం చేసే లైసెన్సు కాదు. హోమియో వైద్యులకి లైసెన్సు ఇచ్చే రాష్ట్రాలు అరిజోనా, కనెక్టికట్, నెవాడా మాత్రమే. గమనించారా, మన పాత కేంద్ర మండలి పొడి అక్షరాలు కూడా సి.సి.హెచ్. అనే! బోర్డు మీద ఈ మూడక్షరాలు ఉంటే ఏ దేశపు సి.సి.హెచ్. అని అడిగి తెలుసుకోవాలి.

మలేషియా, సింగపూర్: యాంగోన్ నుంచి మనవాళ్ళు వైద్యానికి, ఉద్యోగాలకి వెళ్ళే దేశాలు కాబట్టి చెప్తున్నాను. మలేషియాలో 2016 నాటి సంప్రదాయ, అనుబంధ వైద్య చట్టం పరిధిలో హోమియోపతి గుర్తింపు పొందిన విభాగాల్లో ఒకటి. సింగపూర్‌లో చట్టబద్ధ నమోదు చైనా సంప్రదాయ వైద్యులకి ఉంది, హోమియోకి లేదు.

జాగ్రత్త పడాల్సిన పేర్లు

"ఎలక్ట్రో హోమియోపతి" అన్న మాట చూసి అది హోమియోలో కొత్త రకం అనుకునేవాళ్ళు ఉన్నారు. రెండూ ఒకటి కాదు. ఇది 19వ శతాబ్దంలో ఇటలీకి చెందిన కౌంట్ మాటెయి మొదలుపెట్టిన వేరే పద్ధతి. బి.ఇ.ఎం.ఎస్. లాంటి అక్షరాలు దానివి. హోమియోపతి చట్టం గుర్తించే పట్టాల్లో అవి లేవు. దీనికి భిన్నంగా, "బయోకెమిక్" మందులు మాత్రం భారత చట్టం నిర్వచనం ప్రకారం హోమియోపతిలో భాగమే.

"ఎం.డి. (ఎ.ఎం.)" అంటే ఆల్టర్నేటివ్ మెడిసిన్. అది హోమియో ఎం.డి. కాదు, ఎం.బి.బి.ఎస్. తర్వాత చేసే ఎం.డి. అసలే కాదు. ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సులు, గౌరవ డాక్టరేట్లు, బంగారు పతకాలు, నాయకులతో దిగిన ఫోటోలు - వీటిలో ఏదీ రిజిస్ట్రేషన్‌కి బదులు కాదు.

పత్రాలకి ఎంబసీ ముద్రో, అపొస్టిల్ ముద్రో ఉందని చూపిస్తే కూడా ఆగి ఆలోచించండి. ఆ ముద్ర చెప్పేది కాగితం మీద సంతకం, సీలు అసలైనవని మాత్రమే. ఆ మనిషికి వైద్యం వచ్చని అది చెప్పదు.

సరిచూసుకోవడం ఎలా?

1. పూర్తి పేరు, పట్టా, కాలేజీ, సంవత్సరం, రిజిస్ట్రేషన్ నెంబరు, నమోదు చేసిన మండలి పేరు - ఈ ఆరూ రాసుకోండి. మొహమాటపడకండి. "డాక్టరు గారూ, మీ రిజిస్ట్రేషన్ నెంబరు చెప్తారా? అమ్మ ఫైల్లో రాసుకుంటాం" అంటే సరిపోతుంది. నిజంగా నమోదైన డాక్టరుకి ఇది నొచ్చుకునే ప్రశ్న కాదు. భారతదేశంలో ప్రిస్క్రిప్షన్ మీద ఆ నెంబరు రాయడం పద్ధతే.

2. ఆ మండలి లేదా జాతీయ కమిషన్ సొంత వెబ్‌సైటులో పేరు వెతకండి. డాక్టరు గారు పంపిన లింకు ద్వారా కాకుండా మీరే వెతుక్కుని వెళ్ళండి. పేరు దొరక్కపోతే వెంటనే నిందించవద్దు. పాత నమోదులు కొన్ని ఆన్‌లైన్లోకి ఎక్కి ఉండకపోవచ్చు. మండలికి ఒక ఉత్తరమో ఈ-మెయిలో రాయండి. ఇండియాలో ఉన్న బంధువు ఎవరైనా స్వయంగా వెళ్ళి అడిగితే ఇంకా మేలు.

3. కాలేజీ పేరుని విడిగా సరిచూడండి. ఆ పేరుతో కాలేజీ ఉందా, ఆ సంవత్సరానికి ఆ కోర్సు అక్కడ ఉందా?

4. ఆయన దగ్గర ఎం.బి.బి.ఎస్. కూడా ఉందని చెబితే అది మయన్మార్ మెడికల్ కౌన్సిల్లో నమోదైందా అని అడగండి. రెండు చదువులూ ఉన్న డాక్టరు దొరికితే అదృష్టమే.

5. ఫోన్లో ఇండియా డాక్టరుతో మాట్లాడేవాళ్ళకి కూడా ఇదే సూత్రం. హోమియో టెలిమెడిసిన్‌కి భారత కేంద్ర మండలి 2020 ఏప్రిల్లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఫోన్లో వైద్యం చేసినంత మాత్రాన రిజిస్ట్రేషన్ అక్కర్లేకుండా పోదు.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఏం గమనించాలి?

మంచి హోమియో డాక్టరు ఎక్కువసేపు వింటారు, పాత రిపోర్టులు చూస్తారు, మీరు వాడుతున్న మిగతా మందులేమిటో అడుగుతారు. ఏం మందు ఇస్తున్నారో కాగితం మీద పేరు రాసిస్తారు. ఎన్ని రోజుల్లో తగ్గకపోతే వేరే డాక్టరుని చూడాలో చెప్తారు.

ఈ కిందివి కనిపిస్తే లేచి వచ్చేయండి. మందు పేరు చెప్పకుండా పొట్లం కట్టి ఇవ్వడం. ఇన్సులిన్, బీపీ, ఫిట్స్, టీబీ మందులు మానెయ్యమనడం. పిల్లలకి టీకాలు వద్దనడం. క్యాన్సరు, చక్కెర వ్యాధి నూటికి నూరుపాళ్ళు నయం చేస్తాననడం. ఇండియాలో 1954 నాటి చట్టం ఒకటి ఇలాంటి జబ్బుల పేర్లు చెప్పి మందుల ప్రకటనలు ఇవ్వడాన్నే నిషేధించింది.

హోమియో పట్టా మాత్రమే ఉన్న డాక్టరు యాంటీబయాటిక్కులు, స్టెరాయిడ్లు ఇస్తుంటే అది కూడా ప్రమాద సూచనే. 1996లో భారత సుప్రీంకోర్టు ఒక కేసులో ఈ విషయం తేల్చి చెప్పింది. జ్వరంతో వచ్చిన రోగికి హోమియో డిప్లొమా ఉన్న డాక్టరు అల్లోపతి మందులు ఇచ్చారు. రోగి చనిపోయాడు. తనకి అర్హత లేని పద్ధతిలో వైద్యం చేయడమే నిర్లక్ష్యం అని కోర్టు తీర్పు ఇచ్చింది. ఆ డాక్టరు పట్టా నిజమైనదే. కానీ ఆ పట్టా ఆ మందులకి సంబంధించింది కాదు. అక్షరాలు చదవడం ఎందుకు అవసరమో ఇంతకన్నా వివరంగా చెప్పక్కరలేదు.

సీసా మీద కూడా చదవాల్సినవి ఉన్నాయి. మందు పేరు, పొటెన్సీ, ఏ ఫార్మకోపియా ప్రకారం చేశారు, తయారీదారు పేరు, లైసెన్సు నెంబరు, బ్యాచి నెంబరు, ద్రవమైతే ఆల్కహాలు శాతం. లేబుల్ లేని తెల్లపొడి ఇస్తే అందులో ఏముందో ఎవరూ చెప్పలేరు. "మదర్ టింక్చర్" అనేదీ, బాగా తక్కువ పొటెన్సీలవీ నిజంగా పదార్థం ఉన్న మందులు. మూల పదార్థం విషమైనదైతే పిల్లలకి, గర్భిణులకి, కాలేయ జబ్బు ఉన్నవాళ్ళకి అవి ఆటవస్తువులు కావు.

పట్టా చెప్పనిది

ఇంతవరకూ డాక్టరు అర్హత గురించి చెప్పుకున్నాం. వైద్యం పనిచేస్తుందా అన్నది వేరే ప్రశ్న. దాన్ని దాటవేయడం న్యాయం కాదు.

30సి పొటెన్సీ అంటే ఒకటికి వంద చొప్పున ముప్ఫైసార్లు పలచన చేసింది. పన్నెండోసారి దాటాక అసలు పదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు ఉండదని రసాయన శాస్త్రం చెబుతుంది. ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి 2015లో అధ్యయనాలన్నీ పరిశీలించి, హోమియోపతి ప్రభావవంతం అని నమ్మదగిన ఆధారం ఉన్న జబ్బు ఒక్కటీ లేదని తేల్చింది. ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సేవ 2017లో హోమియో మందులు రాయవద్దని తన డాక్టర్లకి సూచించింది. మరోవైపు భారత ప్రభుత్వం ఆయుష్ మంత్రిత్వశాఖ ద్వారా కాలేజీలు, పరిశోధనా సంస్థలు నడుపుతోంది. కోట్లాది మంది వాడుతున్నారు. ఎవరి నమ్మకం వారిది. కానీ రిజిస్ట్రేషన్ నెంబరు సరైనదైనంత మాత్రాన మందు పనిచేస్తుందని రుజువైనట్టు కాదు. ఈ రెండింటినీ విడివిడిగా చూడాలి.

వీటికి హోమియో కోసం ఆగవద్దు

2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు టీబీ, మలేరియా, హెచ్ఐవీ, ఇన్‌ఫ్లుయెంజా, పసిపిల్లల విరేచనాలు - వీటికి హోమియోపతి మీద ఆధారపడవద్దని స్పష్టంగా చెప్పారు. మయన్మార్‌లో ఉండేవాళ్ళకి ఈ మాట ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

డెంగీ: యాంగోన్ వానాకాలంలో పిల్లల జ్వరం అంటే మొదట గుర్తుకు రావాల్సింది ఇదే. జ్వరం తగ్గుతున్నట్టు కనిపించే రోజుల్లోనే, అంటే మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, అసలు ప్రమాదం ఉంటుంది. "మందు పనిచేసింది, జ్వరం దిగింది" అనుకునే సమయం కూడా సరిగ్గా అదే. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, పిల్లాడు మగతగా పడి ఉండడం - వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

టీబీ: మందులకి లొంగని టీబీ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో మయన్మార్ ఉంది. రెండు వారాలు దాటిన దగ్గుకి కఫం పరీక్ష చేయించాలి. మామూలు టీబీ చికిత్స ఆరు నెలలు. మధ్యలో మానేస్తే జబ్బు మొండికేస్తుంది, ఇంట్లో మిగతావాళ్ళకీ అంటుతుంది.

పాముకాటు, కుక్కకాటు: రక్తపింజరి మయన్మార్‌లో కూడా ఉంది. విషానికి విరుగుడు ఇంజెక్షను, కుక్కకాటుకి రేబీస్ టీకా - వీటికి ప్రత్యామ్నాయం ఏ పద్ధతిలోనూ లేదు.

గుండెనొప్పి, పక్షవాతం, ఫిట్స్, కాన్పు కష్టాలు, చక్కెర బాగా పెరగడం లేదా పడిపోవడం: ఇవి గంటల లెక్కలో చూడాల్సినవి.

2021 ఫిబ్రవరి సైనిక తిరుగుబాటు తర్వాత ప్రభుత్వాసుపత్రుల నుంచి చాలామంది డాక్టర్లు బయటికి వచ్చేశారు. వైద్యం దొరకడం కష్టమైంది, ఖర్చు పెరిగింది. అలాంటప్పుడు దగ్గరలో, తక్కువ ఖర్చులో, మన మాటలు ఓపిగ్గా వినే మనిషి దగ్గరికి వెళ్ళాలనిపించడంలో ఆశ్చర్యం లేదు. అందుకే ఏది ఆయన దగ్గరికి, ఏది ఆసుపత్రికి అన్న గీత జబ్బు రాకముందే ఇంట్లో గీసుకోవాలి.

ఉచితంగా మందిచ్చే పెద్దల సంగతి

మన సమాజంలో ఇంట్లో మందుల పెట్టె పెట్టుకుని, పైసా తీసుకోకుండా నలుగురికీ మందిచ్చే మాస్టార్లు, తాతగార్లు ఉంటారు. వాళ్ళ సేవాభావాన్ని శంకించనక్కరలేదు. అయితే డబ్బు తీసుకోకపోవడం అర్హత కాదన్నది కూడా నిజం. అలాంటి పెద్దలకి గౌరవంగానే ఒక మాట చెప్పుకోవచ్చు: "తాతగారూ, జలుబుకీ దగ్గుకీ మీ దగ్గరికే వస్తాం. మూడు రోజులు దాటిన జ్వరం అయితే మాత్రం మీరే మమ్మల్ని ఆసుపత్రికి పంపాలి." సేవ చేసేవాళ్ళలో చాలామంది ఈ మాటకి సంతోషిస్తారు. ఎందుకంటే ఆ బరువు వాళ్ళు మోయలేనిదని వాళ్ళకీ తెలుసు.

తెలుగు సంఘాలు, గుళ్ళు, చర్చిలు ఎప్పుడైనా ఉచిత హోమియో శిబిరం పెడితే, కరపత్రం మీద డాక్టరు పేరు పక్కనే పట్టా, మండలి, రిజిస్ట్రేషన్ నెంబరు అచ్చువేయడం అలవాటు చేసుకోవాలి. ఒక్క లైను పని. వందమంది విడివిడిగా అడగాల్సిన ప్రశ్నకి నిర్వాహకులు ఒక్కసారి జవాబు చెప్పినట్టవుతుంది.

ఇంట్లో ప్రతి మనిషికీ ఒక ఫైలు పెట్టండి. మొదటి పేజీలో వాడుతున్న మందులు, పడని మందులు, రక్తం గ్రూపు, దగ్గరలోని ఆసుపత్రి ఫోను నెంబరు, హోమియో డాక్టరు ఉంటే ఆయన రిజిస్ట్రేషన్ నెంబరు రాయండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఆ ఫైలు తీసుకెళ్ళండి. హోమియో వాడుతున్న సంగతి అల్లోపతి డాక్టరు దగ్గరా, అల్లోపతి వాడుతున్న సంగతి హోమియో డాక్టరు దగ్గరా దాచకండి.